ఒక్క స్టార్ ఇచ్చే హక్కు ఎవరికుంది?



ఈ వారం భూమి పట్టాల గురించి రాస్తానని పోయిన భాగం చివర్లో చెప్పాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను, ఏమనుకోకండి. మా క్లాసులో ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. ముందు దాని సంగతి చూద్దాం.

జరిగింది ఇది. విద్యార్థుల దరఖాస్తుల కోసం ఈమధ్య ఒక కొత్త యాప్ వచ్చింది. పేరు అనవసరం. మొదటి రోజే మొండికేసింది. ఓటీపీ రాదు. వచ్చినా పేజీ తెల్లగా ఉండిపోతుంది. కులం సర్టిఫికెట్ అప్‌లోడ్ చేస్తే ఫైల్ సైజు ఎక్కువైందంటుంది. సైజు తగ్గిస్తే అక్షరాలు కనపడటం లేదంటుంది. పిల్లలు విసిగిపోయి ప్లే స్టోర్‌లోకి వెళ్లి రివ్యూలు రాశారు. ఆ సాయంత్రం కూర్చుని వాటిని వరసగా చదివాను. కొందరు తిట్టారు. కొందరు బతిమాలారు. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవే ఎక్కువ. ఎవరైనా చూసి ఫోన్ చేస్తారేమోనని ఇద్దరు ముగ్గురు తమ నంబర్లు కూడా పెట్టేశారు. ఒకరైతే ‘అయ్యా’ అని మొదలుపెట్టి ‘ఇట్లు’ అని ముగించారు. మన తాతలు తాసిల్దారుకి రాయించుకున్న అర్జీ ఎలా ఉండేదో అచ్చం అలా ఉంది.

మర్నాడు ఆ అమ్మాయి అడిగింది: “సార్, మేం రాసినవి ఎవరైనా చదువుతారా?”

చదువుతారని నేను చెప్పలేకపోయాను. చదవరని కూడా చెప్పలేకపోయాను. ఎందుకంటే కొందరి ఫిర్యాదుల్ని చదువుతారు. గంటల్లో చదువుతారు, క్షమాపణలాంటి మాట చెబుతారు, డబ్బు ఖర్చుపెట్టి బాగుచేస్తారు. అలా చదివిన ఒక సందర్భం నాకు గుర్తుంది. ఇప్పటి డిగ్రీ పిల్లలకి దాని పేరు కూడా తెలిసుండదు. అది నోకియా వాళ్ల యాప్ స్టోర్.

2009 మే 26. అప్పటికి ఆపిల్ తన యాప్ స్టోర్ తెరిచి ఏడాది కావస్తోంది. 2008 జూలైలో దాదాపు 500 యాప్‌లతో మొదలైన ఆ స్టోర్, 2009 ఏప్రిల్‌కల్లా వంద కోట్ల డౌన్‌లోడ్లు దాటింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ ఫోన్లు అమ్మే కంపెనీ మాత్రం నోకియానే. మన దేశంలోనైతే అమ్ముడయ్యే ఫోన్లలో సగానికి పైగా దానివే. ఫోన్ అనడానికి బదులు నోకియా అనేసే రోజులవి. అంత పెద్ద కంపెనీ, ఆపిల్‌కి జవాబుగా, ఫిబ్రవరిలో బార్సిలోనా సభలో ప్రకటించి, మే నెలలో ‘ఓవి స్టోర్’ అని ఒక దుకాణం తెరిచింది.

తెరిచిన కొద్ది గంటల్లోనే అది తడబడింది. పేజీ తెరుచుకోదు. తెరుచుకున్నా మధ్యలో ఆగిపోతుంది. లాగిన్ కాలేకపోతున్నామని కొందరు, వెతికినది దొరకడం లేదని కొందరు, యాప్‌ల కోసం వస్తే వాల్‌పేపర్లూ రింగ్‌టోన్లూ చూపిస్తున్నారని ఇంకొందరు ఇంటర్నెట్ నిండా రాశారు. ఆపిల్‌తో పోల్చి ఎగతాళి చేశారు. టెక్నాలజీ వార్తలు రాసేవాళ్లు అది పెద్ద వైఫల్యమని తేల్చేశారు.

కంపెనీ ఏం చేసింది? అదే రోజు తన అధికారిక బ్లాగులో వివరణ ఇచ్చింది. అనుకున్నదానికంటే చాలా ఎక్కువ మంది ఒక్కసారిగా రావడంతో ఇబ్బంది వచ్చిందని ఒప్పుకుంది. వెంటనే సర్వర్లు పెంచుతున్నామని, పరిస్థితి కొంత మెరుగైందని చెప్పింది. పొద్దున రాసిన ఫిర్యాదుకి సాయంత్రానికి జవాబు. మా అమ్మాయి ప్రశ్నకి ఒక జవాబు ఇక్కడుంది. అవునమ్మా, చదువుతారు.

అయితే ఎవరివి చదివారు?

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ రోజు కోప్పడిన వాళ్లను నేను తక్కువ చేయడం లేదు. వేల రూపాయలు పోసి ఫోన్ కొన్నారు, ఇస్తామన్నది ఇవ్వలేదు, అడిగారు. అడగడం వాళ్ల హక్కు. నేను చూస్తున్నది అలా అడగగలగడానికి ముందు మనిషి దగ్గర ఏమేం ఉండాలన్నది.

మొదట, ఆ స్టోర్ పనిచేసే ఫోన్ ఉండాలి. ప్రారంభంలో 50కి పైగా మోడళ్లలో అది పనిచేస్తుందని, అలాంటి ఫోన్లున్నవాళ్లు దాదాపు 5 కోట్ల మంది ఉంటారని కంపెనీ లెక్క చెప్పింది. అప్పటికి ప్రపంచంలో నోకియా ఫోన్ వాడుతున్నవాళ్లు వంద కోట్ల దాకా ఉన్నారు. అంటే ఇరవై మందిలో ఒకరికి. తర్వాత ఇంటర్నెట్ ఉండాలి. ఈమెయిల్, పాస్‌వర్డ్ ఉండాలి. డబ్బు పెట్టి కొనాలంటే కొన్ని దేశాల్లో ఫోన్ బిల్లులో కలిపేవారు, మిగతా చోట్ల క్రెడిట్ కార్డు కావాలి. అన్నిటికీ మించి ఇంగ్లీషు రావాలి. అప్పట్లో చాలా ఫోన్లలో తెలుగు తెరిస్తే అక్షరాలకు బదులు డబ్బాలు కనపడేవి.

ఇవన్నీ ఉన్నవాళ్లు తలుపు దాకా వెళ్లి, అది సగం తెరుచుకుంటే కోప్పడ్డారు. మిగతా పంతొమ్మిది మందికి ఆ రోజు ఒక స్టోర్ తెరుచుకుందనీ, అది పాడైందనీ కూడా తెలియదు.

ఆ పంతొమ్మిది మందిలో మా అమ్మ ఉంది. ఆవిడ దగ్గర ఉన్నది నోకియా 1100. 2003లో వచ్చిన ఆ ఫోన్ ప్రపంచం మొత్తం మీద 20 కోట్లకు పైగా అమ్ముడైంది. దుమ్ము పట్టని కీప్యాడ్, చెమట చేతిలో జారని ఒళ్లు, నెత్తిన టార్చిలైటు. మన ఊళ్ల లాంటి ఊళ్లను చూసే తయారుచేశారు. మిరప కోతలకు పోయే రోజుల్లో తెల్లారుజామున చీకట్లో ఆటో దగ్గరికి నడవడానికి అమ్మకి ఆ టార్చిలైటు కావాలి. రేపు పని ఉందా లేదా అనడానికి ముఠా మేస్త్రి ఇచ్చే మిస్డ్ కాల్ కావాలి. ఒక్కసారి మోగితే ఉన్నట్టు, రెండుసార్లు మోగితే లేనట్టు. రూపాయి ఖర్చు లేకుండా నడిచిన ఆ ఏర్పాటు ఏ కంపెనీ ఇచ్చిన యాప్ కాదు, కూలీలు కల్పించుకున్నది. అమ్మ ఆ ఫోన్‌కి ఎన్ని స్టార్లు ఇచ్చేదో ఎవరూ అడగలేదు. ఆవిడ యూజర్ల లెక్కలో ఉంది. యూజర్ల అభిప్రాయాల లెక్కలో లేదు.

‘ఓవి’ అన్నది ఫిన్లాండ్ వాళ్ల భాషలో మాట. అర్థం ‘తలుపు’. ఇది తెలిసినప్పటి నుంచీ ఆ కథ నాకు వేరుగా వినపడుతోంది. తలుపు తెరిచామని చెప్పడం ఒకటి, మనిషి లోపలికి రాగలగడం ఇంకొకటి అన్నది మనకంటే బాగా ఎవరికి తెలుసు?

మహాడ్ గుర్తు చేసుకోండి. ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివాళ్లకు కూడా తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది. ఆ తర్వాత మహాడ్ మునిసిపాలిటీ కూడా తమ చవదార్ చెరువు అందరిదీ అని తీర్మానించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. మనవాళ్లు మాత్రం నీళ్లు ముట్టలేకపోయారు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో నడిచి వెళ్లి దోసిలి పట్టాకే ఆ తీర్మానానికి అర్థం వచ్చింది. ఆ రోజు నీళ్లు తాగినందుకు మనవాళ్లు దెబ్బలు తిన్నారు. అగ్రవర్ణాలు ఆ చెరువుకి శుద్ధి చేయించారు. ‘అందరికీ’ అనే మాట వినపడగానే, అందులో చేరడానికి ఏం కావాలి అని అడిగే అలవాటు మనకి అక్కడి నుంచే వచ్చింది.

నోకియా తలుపుకి కాపలావాడు లేడు, నీ కులమేంటని అడిగినవాడూ లేడు. అది నిజం. అసలు అడగాల్సిన పని పడలేదు. ఖరీదైన ఫోన్, నెట్ బ్యాలెన్స్, బ్యాంకు కార్డు, ఇంగ్లీషు. ఈ నాలుగూ ఎవరిళ్లలో ముందు చేరాయో, ఎవరిళ్లకు ఆలస్యంగా వచ్చాయో మన ఊరి పటం చూస్తే తెలుస్తుంది. “సర్వర్ కూలిపోతే అందరికీ కూలిపోతుంది, ఇందులో కులం ఏముంది?” అని ప్రతిసారీ కామెంట్ పెట్టే మిత్రులకు నా జవాబు ఇదే. సర్వర్ అందరికీ ఒకేలా కూలుతుంది. నష్టం ఒకేలా ఉండదు. జవాబు కూడా ఒకేలా రాదు.

అదే ఏడాది నోకియా మన గ్రామాల కోసం ఇంకొకటి తెచ్చింది. ‘నోకియా లైఫ్ టూల్స్’. 2009 జూన్‌లో దేశమంతా మొదలుపెట్టారు. ఇంటర్నెట్ అక్కర్లేదు, ఎస్సెమ్మెస్ మీద నడుస్తుంది, చిన్న ఫోన్లలో పనిచేస్తుంది, భారతీయ భాషల్లో వస్తుంది. వ్యవసాయం, చదువు, వినోదం అని మూడు భాగాలు. నెలకి 30 రూపాయలు కడితే వాతావరణం, సలహాలు. 60 కడితే దగ్గరి మార్కెట్‌లో పంట ధరలు. ఆలోచన మంచిదే. ఓవి స్టోర్ కంటే ఎక్కువ బుర్ర పెట్టి చేసిన పని అని కూడా అంటాను.

కానీ రెండు విషయాలు చూడండి. పంట ధర ఎవరికి కావాలి? అమ్ముకోవడానికి పంట ఉన్నవాడికి. ఆ పంట కోసే కూలీకి కావాల్సింది ఈ వారం పక్క ఊళ్లో కోత కూలి ఎంత పలుకుతోంది, ప్రభుత్వం చెప్పిన కనీస కూలి ఎంత అన్న సమాచారం. ఆ సేవ గురించి చెప్పిన ప్రచారంలో వాతావరణం ఉంది, విత్తనం ఉంది, ఎరువు ఉంది, మార్కెట్ ధర ఉంది. కూలి రేటు నాకు కనపడలేదు. ‘గ్రామీణ వినియోగదారుడు’ అని బొమ్మ గీసినప్పుడు ఆ బొమ్మ చేతిలో పొలం పాస్‌బుక్కు పెట్టేశారు. రెండోది, ఆ ఎస్సెమ్మెస్ తప్పుగా వస్తే పదిమందికి కనపడేలా చెప్పుకునే చోటు లేదు. స్టోర్‌లో యాప్ బాగోలేకపోతే దాని కిందే రాసేయొచ్చు, తర్వాత వచ్చినవాడు చదువుతాడు. ఎస్సెమ్మెస్ కింద రాయడానికి జాగా ఎక్కడుంది? నగరంలో ఉన్నవాడికి నోరు ఇచ్చారు. ఊళ్లో ఉన్నవాడికి చెవి మాత్రం చాలన్నారు.

ఇక ఆ ఫోన్లను తయారుచేసిన చేతుల సంగతి. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ 2006లో మొదలైంది. ఒక దశలో దాదాపు 8 వేల మంది పనిచేశారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ఆడపిల్లలే ఎక్కువ. 2010లో వాళ్లు జీతాల కోసం సమ్మెలు చేశారు. అదే ఏడాది చివర్లో ఇరవై ఏళ్లు దాటీ దాటని ఒక కార్మికురాలు యంత్రంలో చిక్కుకుని చనిపోయింది. తర్వాత పన్ను వివాదం, మైక్రోసాఫ్ట్‌కి ఫోన్ల వ్యాపారం అమ్మకం. ఆ అమ్మకంలో ఈ ఫ్యాక్టరీ బయట మిగిలిపోయింది. 2014 నవంబర్ 1న ఉత్పత్తి ఆగిపోయింది. పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోందని రాసినవాడికి అదే రోజు జవాబు దొరికింది. ఫోన్ చేసినవాళ్లు తమ మాట వినిపించడానికి పని ఆపి గేటు బయట నిలబడాల్సి వచ్చింది. రెండూ ఒకే కంపెనీ గురించిన ఫిర్యాదులే. మొదటిదాన్ని ‘యూజర్ ఫీడ్‌బ్యాక్’ అన్నారు. రెండోదానికి వచ్చిన పేరు ‘సమస్య’.

ఇంతకీ ఆ ఫిర్యాదులు ఓవి స్టోర్‌ని బాగుచేశాయా? కొంత చేశాయి. స్టోర్‌ని మార్చారు, వేగం పెంచారు. ఒకటి రెండేళ్లలో రోజుకి లక్షల డౌన్‌లోడ్ల దాకా వెళ్లింది. మన దేశం నుంచే భారీగా జరిగేవి. అప్పటికే జనం ఐఫోన్, ఆండ్రాయిడ్ వైపు జరిగిపోయారు. 2011లో ఓవి అన్న పేరు తీసేసి నోకియా స్టోర్ అన్నారు. 2015లో దాన్ని మూసి, వచ్చేవాళ్లను ఒపేరా వాళ్ల స్టోర్‌కి పంపించారు. తలుపు ఆరేళ్లలో మూతపడింది.

విద్యార్థులు ఇక్కడ ఒక పుస్తకం పేరు రాసుకోండి. ఆల్బర్ట్ హిర్ష్‌మన్ అనే ఆర్థికవేత్త 1970లో రాసిన ‘ఎగ్జిట్, వాయిస్ అండ్ లాయల్టీ’. ఒక సంస్థ చెడిపోతున్నప్పుడు జనం దగ్గర రెండు దారులుంటాయంటాడు. వదిలి వెళ్లిపోవడం, లేదా ఉండి గొంతెత్తడం. ఈ రెంటికీ ఉన్న సంబంధం మీదే ఆ పుస్తకమంతా. నోకియా ఆ రోజు అంత తొందరగా ఎందుకు పలికింది? ఫిర్యాదు చేసినవాడి జేబులో ఇంకో ఫోన్ కొనే డబ్బుంది కాబట్టి. వినకపోతే పోతాడు. పోతే నష్టం. వాళ్ల గొంతుకి బరువు ఇచ్చింది వాళ్ల భాషో, తర్కమో కాదు. వెళ్లిపోగల శక్తి.

మరి వెళ్లిపోలేనివాళ్ల గొంతుకి బరువెక్కడి నుంచి వస్తుంది?

ఇప్పుడు ఆ పాత కథని వదిలి మన కళ్లముందు జరిగినదానికి వద్దాం. ఉపాధి హామీ పనిలో హాజరు కోసం కేంద్రం 2021లో ఎన్‌ఎంఎంఎస్ అనే యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాదాపు అన్ని పనిచోట్లా తప్పనిసరి చేసింది. రోజుకి రెండుసార్లు పనిచోటే కూలీల ఫోటో తీసి, సమయం, స్థలం నమోదయ్యేలా ఎక్కించాలని నిబంధన పెట్టింది. సిగ్నల్ లేని చోట, యాప్ మొరాయించిన చోట, ఫోటో ఎక్కలేదు. ఫోటో ఎక్కకపోతే హాజరు లేదు. హాజరు లేకపోతే ఆ రోజు తవ్విన మట్టికి కూలి లేదు. పని అయిపోయినా రెండో ఫోటో కోసం కూలీలు ఎండలో కాచుకుని కూర్చున్నారు. ఉపాధి పనిదినాల్లో మూడో వంతుకు పైగా దళితులు, ఆదివాసీలవి. సగానికి పైగా ఆడవాళ్లవి.

ఓవి స్టోర్ పడిపోయిన రోజున యూజర్ పోగొట్టుకున్నది ఒక పూట ఓపిక. ఇక్కడ పోయింది ఆ రోజు తిండి. ఒక యాప్ ప్రారంభం గందరగోళమైంది అన్న వాక్యం రెండు చోట్లా రాయొచ్చు. రెండు చోట్లా దానికి ఒకే బరువు ఉందా?

ఇంకా చూడండి. ఆ యాప్ కూడా స్టోర్‌లోనే ఉంటుంది. కింద రేటింగ్ ఇచ్చే జాగా ఉంటుంది. కానీ దాన్ని ఫోన్‌లో పెట్టుకునేది మేటు, ఫోటో తీసేదీ మేటే. కాబట్టి యాప్ లెక్కలో యూజర్ అంటే మేటు. ఫోటోలో నిలబడ్డ ఆడమనిషి యూజర్ కాదు, ఆవిడ డేటా. తన కూలి పోగొట్టిన యాప్‌కి ఒక్క స్టార్ ఇవ్వాలన్నా ఇచ్చే చోటు ఆవిడకి లేదు. ఆవిడ దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేయలేదు. వేరే కంపెనీ ఉపాధి హామీకి మారిపోనూ లేదు. వెళ్లిపోలేని మనిషి, గొంతెత్తే చోటు లేని మనిషి. చివరికి 2023 ఫిబ్రవరిలో వేర్వేరు రాష్ట్రాల కూలీలు ఢిల్లీ జంతర్‌మంతర్‌లో వంద రోజుల ధర్నాకి కూర్చున్నారు. అది మన దేశంలో ఒక యాప్‌కి రాసిన అతి పెద్ద రివ్యూ. రైలెక్కి వెళ్లి, రోడ్డు మీద కూర్చుని రాశారు.

జాషువా ‘గబ్బిలం’ మనందరికీ తెలిసిందే. శివుడికి తన గోడు చెప్పుకోవాలంటే అతనికి గుడి తలుపు మూసి ఉంది. అందుకే గుళ్లోకి పోగలిగిన గబ్బిలం చేతికి సందేశం ఇచ్చాడు. 1941లో వచ్చిన కావ్యం అది. మనిషికి లేని ప్రవేశం ఒక గబ్బిలానికి ఉందన్న చేదు నిజం మీద ఆ కావ్యం మొత్తం నిలబడింది. ఇవాళ కూలీ గోడు పైకి వెళ్లాలంటే మేటు ఫోన్ కావాలి, సెల్ టవర్ కావాలి, కంప్యూటర్ ఆపరేటర్ దయ కావాలి. ఎనభై ఏళ్ల తర్వాత కూడా మన మాట ఇంకొకరి రెక్కల మీదే ఎగరాలి. ఇది నాకు సాహిత్య పాఠంగా కనపడటం లేదు, పరిపాలన పాఠంగా కనపడుతోంది.

ఇంకోలా చేయొచ్చా? చేశాం. అదీ మన నేల మీదే చేశాం. 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి పనుల మీద సామాజిక తనిఖీ మొదలైంది. 2009లో, అంటే ఓవి స్టోర్ తెరిచిన ఏడాదే, దానికోసం ప్రత్యేకంగా ఒక సంస్థ ఏర్పడింది. పద్ధతి చాలా మామూలుది. కూలీల ఇళ్ల నుంచే చదువుకున్న పిల్లల్ని తీసుకుని శిక్షణ ఇచ్చారు. వాళ్లు మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. నీ పేరు మీద ఇన్ని రోజులు రాశారు, చేశావా? ఇంత కూలి అందిందా? అని అడిగారు. గ్రామసభలో చదివి వినిపించారు. మండలంలో ప్రజావేదిక పెట్టి, అధికారిని ఎదురుగా కూర్చోబెట్టి జవాబు అడిగారు. అక్షరం రాని ముసలమ్మ కూడా మైకు దగ్గరికి వచ్చి నాకు కూలి రాలేదని చెప్పగలిగింది. చెప్పినది రికార్డులో రాశారు.

దాన్ని నేను ఆకాశానికి ఎత్తడం లేదు. దొరికిన అవినీతి సొమ్మంతా తిరిగి రాలేదు. కొన్ని చోట్ల ప్రజావేదిక తంతుగా మారింది. గొంతెత్తినవాళ్ల మీద ఊరి పెద్దల ఒత్తిడి ఉండనే ఉంది. అయినా అందులో ఒక సూత్రం ఉంది. ఫిర్యాదు చేయడానికి ఫోన్ అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు, మారిపోగల శక్తి అక్కర్లేదు. అడిగే హక్కు మనిషికి ఉంటుంది, జవాబు చెప్పే బాధ్యత అధికారికి ఉంటుంది. జనం ఎక్కడికీ వెళ్లిపోలేని సేవలకి రివ్యూ అంటే ఇలాగే ఉండాలి. ఒక యాప్‌ని తప్పనిసరి చేసే ముందు దాన్ని నాలుగు ఊళ్లలో పెట్టి, కూలీల్ని కూర్చోబెట్టి, పనిచేసిందా లేదా అని వాళ్ల నోటి నుంచి విని, అది రాసి, ఆ తర్వాత కదా ముందుకెళ్లాలి. యాప్ పనిచేయని రోజు కూలి పోదని, కాగితం మస్టరు చెల్లుతుందని ముందే రాసి ఇవ్వాలి కదా.

మిత్రులారా, మన పిల్లలు ఇప్పుడు ఫోన్ ఉన్న మొదటి తరం. మా అమ్మ చేతిలో లేని స్టార్లు వాళ్ల చేతిలో ఉన్నాయి. అందుకే రివ్యూలు రాయడం మానేయమని నేను అనను. రాయండి. కాకపోతే స్టార్ దగ్గర ఆగిపోకండి. ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ పేజీలో ఆగిందో రాయండి. స్క్రీన్‌షాట్ దాచండి. మీ ఫోన్ నంబర్ మాత్రం అందులో పెట్టకండి. మీ ఒక్కరి కథే కాకుండా హాస్టల్లో ఎంతమందికి అలా అయిందో లెక్క తీయండి. ఆ లెక్కని కాగితం మీద పెట్టి, అందరి సంతకాలతో ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోండి. జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగండి. ఇంట్లో అమ్మకి, నాన్నకి కూలి ఏ యాప్ వల్ల ఆగిందో కనుక్కుని వాళ్ల పేరు మీద కూడా రాసిపెట్టండి. గబ్బిలం కోసం చూడాల్సిన అవసరం మీ ఇంటికి ఇక ఉండకూడదు.

ఆ అమ్మాయికి మర్నాడు ఇదే చెప్పాను. “వెళ్లిపోగలిగినవాళ్లు రాస్తే చదువుతారమ్మా. వెళ్లిపోలేనివాళ్లు రాస్తే, చదివేదాకా మనం వదలకూడదు.” తను కాసేపు ఆలోచించింది. సాయంత్రానికి క్లాసులో ఒక తెల్ల కాగితం తిరగడం మొదలైంది. పైన తెలుగులో యాప్ పేరు, కింద నాలుగు గళ్లు: పేరు, తేదీ, ఏం జరిగింది, ఏం నష్టపోయాం. నాకు చేరేసరికి ముప్పై ఒక్క పేర్లున్నాయి. చివరి గడిలో ఒకరు రాసినది చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. దరఖాస్తు కోసం నాన్నతో రెండు రోజులు మీసేవ చుట్టూ తిరగడంతో, ఇంట్లో రెండు రోజుల కూలి పోయిందట.

ఆ కాగితం సోమవారం ఆఫీసులో ఇస్తున్నాం. రసీదు తీసుకున్నాక మీకు చెబుతాను.

వచ్చే వారం భూమి పట్టాలు. ఈసారి తప్పకుండా.

జై భీమ్.